సైకిల్ హెల్మెట్: ఆఫీసుకు ఏది, సాగర్ రోడ్డుకు ఏది, గుట్టలకు ఏది, బడి పిల్లలకు ఏది?

తమ్ముడూ, నువ్వు అడిగింది మొత్తం చదివిన. నల్లగొండలో ఉంటవ్, రోజూ పానగల్లు నుంచి గడియారం సెంటర్ దిక్కు ఆఫీసుకు సైకిల్ మీదనే పోతవ్. ఆదివారం దోస్తులతోని కనగల్, హాలియా మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుంటవ్. మీ అన్న కొడుకు ఎంటీబీ, అదే గుట్టలు ఎక్కే మౌంటెన్ బైక్ సైకిల్, కొనుక్కొని రాచకొండ గుట్టలు తిరుగుతున్నడు. ఆరో తరగతి చదివే బిడ్డ ఈ ఏడాది నుంచి బడికి సైకిల్ మీద పోతానంటున్నది. ఒక్క మంచి హెల్మెట్ కొంటే అందరికీ నడుస్తదా, ఇంట్లో బండి హెల్మెట్ ఉండంగ ఇంకోటి ఎందుకు, వందల్లో దొరికేదానికీ వేలల్లో ఉన్నదానికీ తేడా ఏంది అని నీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్తా. నీ ఆఫీసుకూ, సాగర్ రోడ్డుకూ ఒక్కటే హెల్మెట్ సరిపోతది. గుట్టలు తిరిగే పిలగానికి వేరేది కావాలె. బిడ్డకు తన తల కొలతకు పట్టే పిల్లల హెల్మెట్ తప్ప ఇంకోటి పనికిరాదు. బండి హెల్మెట్ సైకిల్‌కు వద్దే వద్దు.

నాది పాలమూరు. చాన ఏండ్ల నుంచి సైకిళ్లు అమ్ముతున్న, బాగు చేస్తున్న, నేనూ తొక్కుతున్న. హెల్మెట్ కోసం వచ్చినోళ్లు రంగు చూస్తరు, గాలి రంధ్రాలు లెక్కపెడతరు, ధర అడుగుతరు. నేను మాత్రం వాళ్లను ముందుగా ఒకటే అడుగుత: నువ్వు పడితే ఎట్ల పడతవ్? ఊళ్లో ఆటో తలుపు తగిలి పక్కకు పడతవా, ఘాట్ మలుపులో జారి రోడ్డు మీద ఈడ్చుకపోతవా, గుట్ట దిగేటప్పుడు ముందు చక్రం రాయికి తన్నుకొని హ్యాండిల్ మీదుగా ఎగిరిపోతవా? ఈ మూడు పడుడులు వేరువేరు. తల తగిలే చోటు వేరు, దెబ్బ వచ్చే దిక్కు వేరు. దానికి జవాబు దొరికితే హెల్మెట్ సగం దొరికినట్టే. మిగతా సగం నీ తల చెప్తది.

హెల్మెట్ ఎట్ల పనిచేస్తదో తెలిస్తే మిగిలిందంతా సులువు. పైన కనపడే ప్లాస్టిక్ పెంకు ఎక్కువ పని చెయ్యది. అది లోపలి ఫోమ్ చెదిరిపోకుండా పట్టుకుంటది, రోడ్డు మీద జారనిస్తది, అంతే. అసలు పని ఫోమ్‌ది. టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ ఉన్నది చూడు, దాని జాతే. ఈపీఎస్ అంటరు. దెబ్బ తగిలినప్పుడు ఆ ఫోమ్ నలుగుతది. నలిగినంతసేపు తల నెమ్మదిగా ఆగుతది. ఆ సేపు సెకనులో వెయ్యో వంతుల లెక్కే, కానీ పుర్రెకూ మెదడుకూ అదే పెద్ద తేడా. నలిగిన ఫోమ్ మళ్లీ లేవది. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత మంచిగ కనపడ్డా దాని పని అయిపోయినట్టే.

బండి హెల్మెట్ ఎందుకు వద్దంటున్ననో ఇక్కడే ఉన్నది. అది బండి వేగాలకు, బండి దెబ్బలకు తయారైంది. మన దేశంలో దానికి ఐఎస్ 4151 ప్రమాణం, 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేనిది అమ్మొద్దని నియమం. బండి మీద అదే పెట్టుకోవాలె, అందులో మారు మాట లేదు. కానీ అది కిలోకు అటూ ఇటూ ఉంటది, సైకిల్‌ది మామూలుగ రెండు వందల యాభై నుంచి నాలుగు వందల గ్రాములు. బండి మీద కూసున్నోనికి చెమట పట్టది, సైకిల్ తొక్కేటోడు ఇంజన్ తానే. మన మే నెల ఎండలో, నల్లగొండలో నలభై నాలుగు డిగ్రీలు దాటే పొద్దుల్లో, ఆ డబ్బా తలకు తగిలించుకొని గంట తొక్కితే కండ్లు తిరుగుతయి. చెవులు మూసుకుపోయి వెనక లారీ వచ్చేది వినపడది. మెడ వంచి తొక్కేటోనికి ఆ బరువు మెడ నరాల మీద పడతది. తిరగేసి కూడా చెప్తా: సైకిల్ హెల్మెట్ పెట్టుకొని స్కూటీ ఎక్కొద్దు. చట్టం ఒప్పుకోదు, ఆ ఫోమ్ ఆ వేగానికి చాలదు.

సైకిల్ తొక్కేటోళ్లకు మన దగ్గర హెల్మెట్ తప్పనిసరి అనే చట్టం లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటార్ సైకిళ్ల గురించే చెప్తది. అందుకే బజారులో ఏది పడితే అది అమ్ముతరు, అందుకే నువ్వే చూసుకోవాలె. హెల్మెట్ లోపల అంటించిన కాగితం చదువు. ఈఎన్ 1078 అని ఉంటే యూరప్ ప్రమాణం, సీపీఎస్‌సీ అని ఉంటే అమెరికాది. రెండిట్లో ఏది ఉన్నా సరే. దానితో పాటు సైజు సెంటీమీటర్లలో, బరువు, తయారైన నెల, సంవత్సరం ఉండాలె. ఇవేవీ లేకుండా పెట్టె మీద మాత్రం 'స్పోర్ట్స్ హెల్మెట్' అని పెద్దగ రాసి, లోపల వేలు మందం స్పాంజి అంటించినవి వస్తున్నయి. మోకాలి చిప్పలు, మోచేతి చిప్పలు కలిపి సెట్టుగ బొమ్మల దుకాణాల్లో అమ్మేవి చాలావరకు ఇవే. బొటనవేలితోని లోపల నొక్కి చూడు. మెత్తని ప్యాడ్ కింద గట్టి ఫోమ్ తగలాలె. తగలకపోతే అది టోపీ, హెల్మెట్ కాదు.

ఆ ప్రమాణాల పరీక్ష ఏందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మస్తు మంది తప్పుగ అర్థం చేసుకుంటరు. ఈఎన్ 1078 పరీక్షలో బొమ్మ తలకు హెల్మెట్ తొడిగి చదునైన ఇనుప దిమ్మె మీద సుమారు మీటరున్నర ఎత్తు నుంచి పడేస్తరు. తగిలేటప్పటి వేగం సెకనుకు 5.42 మీటర్లు, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఫుట్‌పాత్ అంచు లాంటి దిమ్మె మీద ఇంకొంచెం తక్కువ ఎత్తు నుంచి వేస్తరు. తలకు తగిలే అదురు 250 జీ, అంటే భూమి గుంజే బలానికి 250 రెట్లు, దాటొద్దు. అమెరికా పరీక్షలో ఎత్తు రెండు మీటర్ల దాకా ఉంటది, హద్దు 300 జీ. 'నేను ముప్ఫైలో పోత కదా, ఇరవైకి పరీక్ష చేసింది నన్నేం కాపాడుతది?' అని అడుగుతరు. ఆ ఇరవై నువ్వు ముందుకు పోయే వేగం కాదు, తల కిందికి వచ్చి నేలకు తగిలే వేగం. సైకిల్ మీద కూసున్నోని తల ఎత్తు నుంచి పడితే ఎంత వేగంతోని తగులుతదో సుమారు అంతే. సొంతంగ పడే పడుడుకు ఈ హెల్మెట్ లెక్క సరిపోయింది. లారీ గుద్దితే దీని లెక్క కాదు. అది గుర్తుంచుకొని రోడ్డు మీద మసులుకోవాలె.

ఇగ అన్నిటికన్నా ముఖ్యమైన ముచ్చట, తలకు పట్టుడు. ఇరవై వేల హెల్మెట్ వదులుగ ఉంటే, పదిహేను వందలది సరిగ్గ పట్టినదానికి సాటి రాదు. కుట్టుపని టేపు తీసుకో. కనుబొమ్మలకు వేలు మందం పైన నుంచి, చెవుల మీదుగా, వెనక తల ఎక్కువ ఉబ్బి ఉన్నచోటు చుట్టూ కొలువు. టేపు లేకుంటే దారం చుట్టి స్కేలు మీద పెట్టు. సాధారణంగ 51 నుంచి 55 సెంటీమీటర్లు చిన్న సైజు, 55 నుంచి 59 మధ్య సైజు, ఆ పైన 63 దాకా పెద్దది. కంపెనీ కంపెనీకి ఒక సెంటీమీటరు అటూ ఇటూ మారుతది, అందుకే వాళ్ల పట్టిక చూడాలె. మీ కొలత రెండు సైజుల నడుమ పడితే రెండూ తలకు పెట్టి చూసి నిర్ణయం తీసుకో.

చుట్టుకొలత సరిపోతేనే అయిపోలేదు. తలలు గుండ్రంగ ఉంటయి, కోలగ ఉంటయి. కోల తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు, వెనక నొక్కుతది, చెవుల పైన సందు మిగులుతది. గుండ్రటి తలకు కోల హెల్మెట్ పెడితే కణతల దగ్గర పిసికినట్టు ఉండి అరగంటలో తలనొప్పి లేస్తది. ఆన్‌లైన్‌లో ఇది తెలవది. అందుకే మొదటిసారి కొనేటప్పుడు హైదరాబాద్ పోయి అయినా సరే, నాలుగు రకాలు తలకు పెట్టి చూసుకొని కొనుమంట. దుకాణంలో పెట్టుకొని ఊరికే అద్దంలో చూసుకొని తీసెయ్యొద్దు, పది నిమిషాలు అట్లనే ఉంచుకో. నొప్పి ఎక్కడున్నదో అప్పుడు తెలుస్తది.

పెట్టుకున్నంక ఇట్ల పరీక్షించు. కనుబొమ్మలకూ హెల్మెట్ అంచుకూ నడుమ రెండు వేళ్లు పట్టాలె, అంతకంటే ఎక్కువ పట్టొద్దు. నుదురు మొత్తం బయటపెట్టి వెనక్కి జార్చి పెట్టుకునేటోళ్లు మన దగ్గర మస్తు. ముందుకు పడితే మొదట తగిలేది నుదురే, అది కప్పకపోతే హెల్మెట్ ఎందుకు? వెనక చక్రం లాంటి మీట తిప్పి బిగించు. బెల్టు పెట్టకముందే తల కిందికి వంచి అటూ ఇటూ ఊపు. హెల్మెట్ జారిపోవద్దు, నుదుటి తోలు హెల్మెట్‌తోని కలిసి కదలాలె. పక్క బెల్టులు రెండూ చెవి తమ్మె కిందనే కలవాలె. గడ్డం కింద బెల్టులో ఒక వేలు, మహా అంటే రెండు పట్టాలె. చివరికి నోరు పెద్దగ తెరిచి ఆవలించు. హెల్మెట్ నెత్తిని కిందికి గుంజినట్టు అనిపిస్తే బెల్టు సరిగ్గ ఉన్నది. ముందు నుంచి అరచేతితోని హెల్మెట్‌ను పైకి తోసి చూడు, వెనక్కి లేచిపోతే ముందటి బెల్టు బిగించాలె.

దస్తీ, తువ్వాల గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే ఎండకు మనోళ్లు అందరూ కడతరు. పల్చటి నూలు టోపీ, సైకిల్ టోపీ హెల్మెట్ కింద పెట్టుకోవచ్చు, చెమట కండ్లల్లో పడదు. మందం తువ్వాల ముడి వేసి దాని మీద హెల్మెట్ పెడితే పట్టు పోతది, దెబ్బ తగిలినప్పుడు హెల్మెట్ పక్కకు తిరుగుతది. కొలిచేటప్పుడు పెట్టుకొనే టోపీతోనే కొలుచుకో. ఆడపిల్లలకు జడ పైకి ముడివేస్తే హెల్మెట్ కూసోదు. మెడ దగ్గర కిందికి జడ వెయ్యాలె, రబ్బరు బ్యాండు, క్లిప్పు హెల్మెట్ కిందికి రావద్దు. కొబ్బరినూనె పెట్టుకునేటోళ్లు లోపలి ప్యాడ్లు వారానికొకసారి తీసి సబ్బు నీళ్లతోని ఉతకాలె, లేకుంటే చెడు వాసన వస్తది, అంటించిన చోటు ఊడుతది.

ఇప్పుడు నీ ఆఫీసు సంగతి. ఊళ్లో తొక్కేటప్పుడు వేగం తక్కువ, కానీ పక్కల నుంచి ప్రమాదం ఎక్కువ. ఆటో ఉన్నట్టుండి ఆగుతది, ఆగిన కారు తలుపు తెరుచుకుంటది, కుక్కలు ఉరికొస్తయి, స్పీడ్ బ్రేకర్‌కు రంగు ఉండది. ఇట్లాంటి పడుడులో తల పక్కభాగం, వెనకభాగం తగులుతయి. మా దగ్గరికి పగిలి వచ్చే హెల్మెట్లలో నేను చూసింది కూడా ఇదే, నడినెత్తి మీద దెబ్బ అరుదు, అంచుల దగ్గరనే ఎక్కువ. కాబట్టి చెవుల పైన, వెనక మెడ దాకా కిందికి దిగిన హెల్మెట్ చూడు. రంగు తెలుపో, పసుపో, నారింజో తీసుకో. నల్లది అందంగనే ఉంటది, మాపటిజాము వెనక వచ్చే డ్రైవరుకు మాత్రం కనపడది. వెనక చిన్న ఎర్ర లైటు తగిలించేటట్టు జాగ ఉంటే ఇంకా మంచిది.

అదే హెల్మెట్ సాగర్ రోడ్డుకూ పనికిరావాలంటే గాలి బాగా ఆడాలె, బరువు మూడు వందల గ్రాములకు దగ్గర్లో ఉండాలె. డ్రాప్ హ్యాండిల్, అదే కొమ్ముల తీరు కిందికి వంగిన హ్యాండిల్, పట్టుకొని వంగి తొక్కేటోనికి ముందుకు పొడుచుకొచ్చిన గూడు, అదే వైజర్, అడ్డం పడతది. వంగినప్పుడు రోడ్డు కనపడక మెడ ఇంకా పైకి ఎత్తాల్సి వస్తది. అందుకే రోడ్డు హెల్మెట్లకు వైజర్ ఉండది. ఎండ కోసం సైకిల్ టోపీ అంచు చాలు. ఇంకో సంగతి, ముందటి రంధ్రాలకు సన్నటి జాలీ ఉన్నది తీసుకో. తేనెటీగ లోపలికి దూరితే నడిరోడ్డు మీద ఒక చేత్తో హెల్మెట్ విప్పబోయి పడ్డోళ్లున్నరు. జాలీ లేకుంటే పల్చటి టోపీ పెట్టుకో, అదే అడ్డం.

ఏరో హెల్మెట్లు, రంధ్రాలు మూసేసి నున్నగ ఉండేవి, మనకు వద్దు. గంటకు నలభై పైన గంటలకొద్దీ తొక్కే పోటీదారునికి అవి లాభం. పాతిక ముప్ఫైలో తొక్కే మనకు ఆ లాభం కంటే నెత్తి ఉడుకుడే ఎక్కువ. తొక్కుడు పోటీల్లో పెద్దోళ్లు కూడా ఒకప్పుడు హెల్మెట్ వద్దనేటోళ్లే. 2003 మార్చిలో పారిస్–నీస్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ పడి తలకు దెబ్బ తగిలి చనిపోయిండు. ఆ ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ రోడ్డు పోటీల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. అంత అనుభవం ఉన్నోళ్లే పడ్డప్పుడు, 'నాకు బ్యాలెన్స్ బాగుంటది అన్నా' అనే మాట నాకు వినబుద్ధి కాదు.

మన రోడ్ల మీద ఇంకో ఆపద, వడ్లు. వానాకాలం పంట కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు వడ్ల ఆరబోతే. కుప్పల చుట్టూ రాళ్లు పెడతరు, మాపటికి నల్ల కవర్ కప్పుతరు. చీకట్ల ఆ రాయి కనపడది. వడ్ల మీద సన్న టైరు ఎక్కితే జారుడే. ఈ కాలంలో పొద్దు పొడిచినంకనే బయలుదేరు, చీకట్లో తొక్కాల్సి వస్తే హ్యాండిల్‌కు గట్టి లైటు పెట్టు. కొందరు హెల్మెట్‌కు లైటు, కెమెరా స్క్రూలు వేసి బిగిస్తరు. అట్ల వద్దు. పడ్డప్పుడు ఆ గట్టి ముక్క ఫోమ్‌లోకి గుచ్చుకుంటది. వెల్క్రో పట్టీతోని, తగిలితే ఊడిపోయేటట్టు పెట్టుకోవాలె. ముందుముందు హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద జడ్చర్ల దిక్కు, విజయవాడ హైవే మీద సూర్యాపేట దిక్కు పోయే రెండు వందల కిలోమీటర్ల బ్రెవెట్లకు, అంటే గడువు లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు తొక్కుడుకు, పోవాలనుకుంటే, దానికి గంటల లెక్క పదమూడున్నర. అంతసేపు నెత్తి మీద ఉండేదానికి యాభై గ్రాముల తేడా కూడా సాయంత్రానికి మెడ చెప్తది. తొమ్మిదో గంటలో ఏ హెల్మెట్ నొప్పి పెట్టదో, అదే మంచి హెల్మెట్.

మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే ఘాట్ సంగతి వేరే. అది నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు, రాత్రి గేటు మూసేస్తరు. ఫర్హాబాద్, వటవర్లపల్లి దాకా తొక్కుడే తొక్కుడు. దోమలపెంట దాటినంక కృష్ణ దాకా దిగే మలుపుల్లో సైకిల్ తనంతట తానే యాభైకి పోతది. ఎక్కేటప్పుడు ఉక్కపోసి బెల్టు వదులు చేస్తరు, కొందరు హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు వేలాడదీస్తరు. దిగుడు మొదలయ్యే చోట ఆగి, బెల్టు మళ్లీ బిగించుకొని దిగు. కోతులు ఎప్పుడు అడ్డమొస్తయో తెలవది.

ఇక్కడ మిప్స్ అని కొన్ని హెల్మెట్ల లోపల ఉండే పొర గురించి చెప్పాలె, ఎందుకంటే అది పనికొచ్చేది ఇట్లాంటి పడుడులోనే. పరీక్షలో తల నిట్టనిలువుగ పడతది, నిజంగ పడేటప్పుడు మాత్రం ఏటవాలుగ తగిలి తల గిర్రున తిరుగుతది. కుండను ఒక్కసారిగ తిప్పితే లోపలి నీళ్లు వెంటనే తిరగవు, కుండ ఒక దిక్కు, నీళ్లు ఒక దిక్కు. పుర్రె, మెదడు కూడా అంతే. ఆ మెలికకు మెదడు లోపలి నరాలు సాగి దెబ్బతింటయి. స్టాక్‌హోమ్‌లో న్యూరోసర్జన్ హాన్స్ ఫాన్ హోల్స్ట్, ఇంజనీర్ పీటర్ హాల్డిన్ 1990లలో దీని మీద పని మొదలుపెట్టిన్రు. వాళ్లు చేసిందే మిప్స్. హెల్మెట్ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర, ఎక్కువగ పసుపు రంగుది, దెబ్బకు పది పదిహేను మిల్లీమీటర్లు జరుగుతది, ఆ తిరుగుడులో కొంత తగ్గిస్తది. ఇట్లాంటివే వేరే పేర్లతోని వేరే కంపెనీలకూ ఉన్నయి. డబ్బులుంటే తీసుకో, మంచిదే. కానీ మిప్స్ ఉన్నా తలకు పట్టకపోతే వద్దు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి సైకిల్ హెల్మెట్లను ఏటవాలు దెబ్బలతోని పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నది, ఎవరైనా ఆ పట్టిక చూడొచ్చు. తక్కువ ధరవి కొన్ని అందులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నయి. ధర పెరిగితే బరువు తగ్గుతది, గాలి ఎక్కువ ఆడుతది. రక్షణ అదే లెక్కన పెరుగుతదని అనుకోవద్దు.

మీ అన్న కొడుకు ముచ్చటకు వస్తా. రాచకొండలో గానీ, మా దిక్కు కోయిలకొండలో గానీ నేల అంటే నల్లరాయి. గుండ్లు, మొరం, తుమ్మ కంపలు. వేగం తక్కువైనా పడేది రాయి అంచు మీద. ముందు చక్రం ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీదుగా పోయి నుదురు, మొహం తగులుతయి. ఏటవాలు ఎక్కేటప్పుడు వెనక్కి పడితే తల వెనక చిప్ప. అందుకే ఎంటీబీ హెల్మెట్ వెనక కిందికి బాగా దిగి ఉంటది, పక్కల మందంగ ఉంటది, మూడున్నర వందల గ్రాముల దాకా తూగుతది. వైజర్ దీనికి కావాలె. ఎండకు, కొమ్మలు కండ్లకు తగలకుండా పనిచేస్తది, పైకీ కిందికీ జరిగేది అయితే ఇంకా మంచిది. కళ్లద్దాలు తప్పనిసరి. నీ రోడ్డు హెల్మెట్ ఆ పిలగానికి ఇచ్చి పంపొద్దు, వెనక తల సగం బయటనే ఉంటది.

మొహం మొత్తం కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొంటానంటే ముందు ఏం చేస్తున్నడో అడుగు. ఎక్కి, దిగి, అడవి తొవ్వ తిరిగేటోనికి మన ఎండల్లో అది పెట్టుకొని గుట్ట ఎక్కుడు కాని పని. ఎత్తు నుంచి దుంకుడు, వేగంగ గుట్ట దిగుడు మొదలుపెడితే మాత్రం ఫుల్ ఫేస్ కావాల్సిందే. దానికి వేరే ప్రమాణం ఉన్నది, ఏఎస్‌టీఎం ఎఫ్1952, అందులో గడ్డం ముందటి కమ్మీని కూడా పరీక్షిస్తరు. గడ్డం కమ్మీ ఊడదీసి పెట్టుకునేవి వస్తయి, అవి ఖరీదు ఎక్కువ. రోడ్డు మీద ముందు చక్రం లేపి విన్యాసాలు చేసే పిలగాండ్లు ఊళ్లో కనపడుతున్నరు. వాళ్లకు గుండ్రటి గట్టి పెంకు ఉన్న బీఎంఎక్స్ (విన్యాసాల చిన్న సైకిల్) రకం హెల్మెట్ సరైంది, వెనక్కి పడితే తల వెనకభాగం మంచిగ కప్పుతది. అయినా వాళ్లను రోడ్డు మీద కాదు, గ్రౌండ్‌లో చెయ్యుమని చెప్పాలె.

ఎలక్ట్రిక్ సైకిల్ గురించి నువ్వు అడగలేదు కానీ ఆఫీసుకు పోయేటోళ్లు కొంటున్నరు కాబట్టి ఒక మాట. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల లోపు, 250 వాట్ల లోపు ఉన్నవాటికి మామూలు సైకిల్ హెల్మెట్ నడుస్తది. అంతకు మించినవి మన చట్టం లెక్కలో మోటారు బండ్లే, వాటికి ఐఎస్ఐ హెల్మెట్ పెట్టుకోవాలె.

నీ బిడ్డ విషయంలో జర శ్రద్ధ పెట్టు. చెప్పులు, బడి డ్రెస్సు ఒక సైజు పెద్దవి కొని రెండేండ్లు నడిపే అలవాటు మనందరిదీ. హెల్మెట్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. వదులు హెల్మెట్ పడ్డప్పుడు వెనక్కి జారి నుదురు బయటపెడతది, బెల్టు మెడకు పడతది. ఆరో తరగతి పిల్ల తల 52, 54 సెంటీమీటర్ల దగ్గర ఉంటది, కొలిచి ఆ కొలతకే కొను. వెనక మీట ఉన్నది తీసుకుంటే రెండు మూడు సెంటీమీటర్లు పెరిగేదాకా అదే సరిపోతది. రంగు ఆ పిల్లనే ఎంచుకోనియ్యి. నచ్చనిది నువ్వు కొంటే బడి మలుపు దాకా పెట్టుకొని తర్వాత హ్యాండిల్‌కు తగిలిస్తది. బెల్టు బక్కిల్ గడ్డం కింద తోలును పట్టి నొక్కుతదేమో నీ వేలు అడ్డం పెట్టి చూడు. ఒక్కసారి నొక్కితే పిల్లలు మళ్లీ పెట్టుకోరు. పుస్తకాల సంచి పైదాకా నిండి ఉంటే హెల్మెట్ వెనక అంచుకు తగిలి తల ముందుకు తోస్తది, అది కూడా ఒకసారి సంచి వేసి చూసుకో.

ఇది మరువకుండ చెప్పు: సైకిల్ దిగంగనే హెల్మెట్ తియ్యాలె. హెల్మెట్ పెట్టుకొని చెట్టు ఎక్కినా, ఊయల, జారుడుబల్ల దగ్గర ఆడినా హెల్మెట్ ఇరుక్కొని బెల్టు గొంతుకు బిగుసుకుంటది. యూరప్‌లో ఇట్లాంటి ప్రమాదాల కోసమే చిన్నపిల్లలకు ఈఎన్ 1080 అని వేరే ప్రమాణం పెట్టిన్రు, గట్టిగ గుంజితే బక్కిల్ తనంతట ఊడుతది. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెనో ఉండి వెనక సీటులో కూసోబెట్టేటట్టయితే, ఏడాది లోపు పిల్లలను అస్సలు ఎక్కించొద్దు. వాళ్ల మెడకు హెల్మెట్ బరువు మోసే బలం ఉండది.

కొన్నంక కాపాడుకునుడు. ఎండలో ఆపిన కారు లోపల, డిక్కీలో, రేకుల షెడ్డు కింద హెల్మెట్ ఉంచొద్దు. వేడికి పెంకు పొంగుతది, ఫోమ్ నుంచి విడిపోతది. మెకానిక్ షెడ్లల్లో గ్రీజు మరక పడితే పెట్రోలు గుడ్డతోని తుడుస్తరు. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ తగిలితే ఈపీఎస్ ఫోమ్ కరిగిపోతది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. పెంకు మీద పెయింటు వెయ్యొద్దు. సైకిల్ గోడకు ఆనించినప్పుడు హ్యాండిల్‌కు తగిలించిన హెల్మెట్ పదిసార్లు కింద పడతది, ఇంట్లో మేకుకు తగిలించు.

గట్టిగ తల తగిలిన పడుడు తర్వాత పారెయ్యి, పగులు కనపడకపోయినా సరే. పారేసే ముందు బెల్టులు కత్తిరించు, లేకుంటే ఎవరో ఒకరు ఏరుకొని పెట్టుకుంటరు. పడకపోయినా ఐదు నుంచి పదేండ్లకు మార్చమని అమెరికా సీపీఎస్‌సీ చెప్తది. మన ఎండ, చెమట లెక్క చూస్తే నేను ఐదేండ్ల దిక్కే ఉంట. ఫోమ్ కంటే ముందు బెల్టులు, బక్కిల్, వెనక మీట పోతయి. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొను, సెకండ్ హ్యాండ్ హెల్మెట్ వద్దు. అది ఎన్నిసార్లు పడిందో అమ్మేటోడు చెప్పడు.

పైసల లెక్కకు వస్తే, ప్రమాణం గుర్తు ఉన్న మంచి హెల్మెట్ వెయ్యి నుంచి రెండు వేల నడుమ దొరుకుతది, మిప్స్ ఉన్నవి అంతకు రెట్టింపు పైనే. అన్నీ ఒకేసారి కొనలేవంటే వరుస నేను చెప్తా. మొదట బిడ్డది, ఎందుకంటే బడి సైకిల్ రోజూ తొక్కేది, రోడ్డు మీద ఎటు చూడాలో ఇంకా నేర్చుకుంటున్నది. తర్వాత గుట్టల పిలగానిది. నీది మూడోది, కానీ అది కొనేదాకా సాగర్ రోడ్డు ఆదివారాలు ఆపు, ఊళ్లోనే మెల్లగ తొక్కు. మిప్స్ ఒక్కదానికే పెట్టగలిగితే గుట్టల హెల్మెట్‌కు పెట్టు. మీ ముగ్గురి తల కొలతలు తీసి, తల గుండ్రంగ ఉన్నదా కోలగ ఉన్నదా పైనుంచి ఒక ఫోటో తీసి చెప్పు, దుకాణానికి పోయినప్పుడు ఏ రకాలు ముందుగా తలకు పెట్టి చూడాలో చెప్తా.